ఘాటు రాని మిరపకాయలు

కొత్తపేటలో పిల్లల ఆసుపత్రి, రెండో అంతస్తు, సాయంత్రం. లోపల వార్డులో ఐదు నెలల పాప ఆక్సిజన్ మీద ఉంది. బయట బెంచీ మీద పాప తల్లి సింధూర, పక్కనే అత్త అరుణమ్మ. పాప తండ్రి మహేందర్ మందులకి కిందికి వెళ్ళాడు. ఫోను సింధూర చేతిలోనే ఉంది. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూస్తోంది.

“చెయ్యి మరి. ఎంతసేపు దాన్ని గట్ల పట్టుకొని చూస్తవు?”

“ఇప్పుడు సార్ క్లాసులో ఉంటారు అత్తయ్యా.”

“ఇందాక బువ్వకు పోయిండంటివి.”

“భోంచేసి క్లాసుకి వెళ్ళుంటారు.”

“దానికి ముందుగాల సిగ్నల్ లేదంటివి.”

“లేదు కదా. మీరూ చూశారు.”

“నాకు సిగ్నల్ చూసుడు రాదు సింధూరా. మొకం చూసుడొస్తది.”

“కాసేపాగి చేస్తాను.”

“కాసేపట్ల మహేందర్ పైకొస్తడు. మందులకని కిందికి పోంగ ఏమన్నడు? నువ్వు గూడ ఇంటివి.”

“విన్నాను.”

“నేనొచ్చేసరికి కోచింగ్ వాళ్ళకు ఫోన్ చేసి నౌకరి మానేస్తున్ననని చెప్పాలె అన్నడు. లేకుంటే డిశ్చార్జి కాంగనే పిల్లను బాటసింగారంల అక్క భాను దగ్గరికి తోల్త, నడిచేదాంక ఆడనే పెరుగుతది అన్నడు. వాడు నోట్ల నుంచి మాట తీసుడే తక్కువ. తీసిండంటే మల్ల లోపలికి పోదు.”

“భానుప్రియ వదినగారికి ఇద్దరు పిల్లలున్నారు. నా పాప అక్కడెందుకు?”

“ఆమె ఇంట్ల ఉంటది గనక. పొద్దున్నే సంచి తగిలించుకొని పోదు గనక.”

“నేను పోయిందీ పాపని ఒంటరిగా వదిలి కాదు. మీ చేతిలో పెట్టి పోయాను.”

“నా చేతులనే పెట్టినవు. మూడో నెల నిండక ముందే పెట్టినవు. నేనేమన్న అన్ననా? ఎల్బీనగర్‌ల మెట్రో ఎక్కుతున్నవు, దిల్‌సుఖ్‌నగర్‌ల దిగుతున్నవు, మాపటికి ఒస్తున్నవు, మంచిదే అనుకున్న. ఏమడిగిన ఎప్పుడన్న?”

“అడగలేదు.”

“ఇప్పుడడుగుతున్న. ఆ గదిల పోరగాండ్లు ఎంతమంది ఉంటరు?”

“ఎందుకది?”

“ఒకని మీద ఒకడు కూసుంటరు, ఏసీ ఉంటది, కిటికీలు బందుంటయి, ఒకడు దగ్గితే గది మొత్తం దగ్గుతదని నువ్వే నవ్వుకుంట చెప్పినవు.”

“ఎప్పుడో చెప్పాను.”

“ఆ దగ్గంత మూట గట్టుకొని ఇంటికొచ్చి, చెప్పులు ఇడువంగనే పిల్లను ఎత్తుకుంటివి.”

“చేతులు కడుక్కునే ఎత్తుకున్నాను.”

“ముక్కు కడుక్కున్నవా?”

“అత్తయ్యా, నెమ్మదిగా. అందరూ చూస్తున్నారు.”

“చూడనియ్యి. అందరు ఈడికి పిల్లను పట్టుకొనే ఒచ్చిండ్రు. అందరి ఇండ్లల్ల గిదే ముచ్చట నడుస్తది, ఎవరు తెచ్చిండ్రని. నాకు కండ్లు మూస్తే అదే కనపడ్తది. డొక్కలు ఎగిరెగిరి పడుడు. రొమ్ము నోట్ల పెట్టుకోదు, ఏడ్వనీకి శాతగాదు. పిల్లి కూన తీరు మూల్గింది.”

“నాకూ అదే కనపడుతుంది.”

“నీకు కనపడితే ఫోన్ ఎందుకు చేస్తలేవు? ఏముందే ఆ నౌకరిల? నిన్ను చూస్తె పాఠం చెప్పేటోళ్ళ తీరు గూడ లేవు. నాలుగు మాటలు అడిగితే ఒక మాట చెప్తవు.”

“బయటికి రావడం ఉంది.”

“ఏందీ?”

“ఆ ఉద్యోగంలో. తలుపు దగ్గరకి వేసి, మెట్లు దిగి రోడ్డు మీదికొస్తే నాకు ఊపిరాడేది. ఇంట్లో... పాప ఏడుస్తోందని తెలిసేది. చెవికి తెలిసేది. కానీ పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నట్టుండేది. లేవాలి అని నాకు నేనే చెప్పుకుని లేవాల్సొచ్చేది.”

“నీకు ఊపిరాడింది. దానికి ఆడలే.”

“ఆ మాట అనేశారు కదా.”

“అన్న. ఏం జెయ్యాలె, కడుపుల ఉన్నది నోట్లకొచ్చింది.”

“లేవండి. డాక్టర్ గారొస్తున్నారు.”

“కూర్చోండమ్మా, ఫరవాలేదు. సింధూర గారూ, పాప కాస్త తేరుకుంది. ఆక్సిజన్ తగ్గించాం. ఆయాసం కూడా తగ్గింది. కాసేపట్లో సిస్టర్ పిలుస్తుంది, పాలు పట్టి చూడండి. తాగితే ఎల్లుండి ఇంటికి పంపించేస్తాను.”

“థాంక్యూ మేడమ్.”

“మేడమ్, ఒక్క మాట. నేను నాయనమ్మను. గీ రోగం ఇంట్లకు ఎవరు తెచ్చిండ్రో తెలుస్తదా? దానికేమన్న పరీక్ష ఉంటదా?”

“ఏ వైరసో పరీక్షలో తెలుస్తుందమ్మా. ఎవరు తెచ్చారో ఎలా తెలుస్తుంది? దాని మీద పేరు రాసుండదు కదా.”

“ఈమె కోచింగ్‌ల పాఠాలు చెప్తది. శానా మంది పోరగాండ్లుంటరు.”

“కావచ్చు, కాకపోవచ్చు. పెద్దవాళ్ళకి ఇది ఉత్త జలుబే. ఒక్కోసారి జలుబని కూడా తెలీదు. తల బరువుగా ఉంటుంది, ముక్కు మూసుకుపోతుంది, నాలిక్కి రుచి తెలీదు, అంతే. పనులు చేసుకుంటూ తిరిగేస్తారు. అదే ఇంత చిన్న పిల్లకి ఛాతీలోకి దిగుతుంది. పాప పడుకునే గదిలో ఎవరెవరు పడుకుంటారు?”

“అందరం. హాల్ల దోమలు మేడమ్.”

“కిటికీలు తీస్తారా?”

“గాలి తగిలితే పిల్లకు సర్ది చేస్తది గద?”

“గాలి రాకపోతే చేస్తుందమ్మా. ఇంటికెళ్ళాక తెరిచి పెట్టండి. జలుబున్నవాళ్ళు దగ్గరికి రావద్దు, మొహం మీద మొహం పెట్టొద్దు. ఇంట్లో ముందు ఎవరికి మొదలైందో గుర్తు చేసుకోండి.”

“తల్లికే మేడమ్. జరం గూడ ఒచ్చింది.”

“పాప కంటే ముందా, తర్వాతా?”

“అదీ...”

“ఆలోచించండి. నాకు రౌండ్స్ ఉన్నాయి. సిస్టర్ పిలిస్తే తల్లి ఒక్కరే రావాలి.”

“విన్నారా అత్తయ్యా? ముందా, తర్వాతా అని అడిగారు.”

“ముందే.”

“తర్వాత. పాపని ఇక్కడ చేర్పించిన రోజు రాత్రి నాకు జ్వరమొచ్చింది. మీరే గోలీ ఇచ్చారు.”

“మహేందర్‌కు?”

“ఆయనకీ అప్పుడే. ఇంకా దగ్గుతూనే ఉన్నారు.”

“మరి ముందుగాల ఎవరికొచ్చింది? గోడకా?”

“మీరు బాటసింగారం వెళ్ళొచ్చారు కదా. వదినగారి చిన్నవాడికి చెవులు కుట్టించినప్పుడు.”

“పోయిన. పోవద్దా? నా బిడ్డ ఇల్లు.”

“వాడికి ముక్కు కారుతోందని మీరే చెప్పారు.”

“పిల్లల ముక్కు కారక ఏం జేస్తది? చెవులు కుడ్తుంటే ఒక్కటే ఏడ్సుడు. ఒళ్ళె కూసోబెట్టుకున్న, కొంగుతోని తుడిచిన. పెద్దోడు గూడ ఖల్లు ఖల్లున దగ్గుతుండె. మార్కెట్‌కొచ్చే మామిడికాయ లారీల దుమ్ము అని అల్లుడన్నడు.”

“ఆ కొంగుతోనే ఇంటికొచ్చి పాప మూతి తుడిచారు.”

“ఇగ నా కొంగు మీద పడ్డవా? కని పెంచినోళ్ళ కొంగులకు గూడ రోగాలుంటయా? నాకు సర్ది లేకుండె. ఒక్క తుమ్ము తుమ్మలే. బస్సుల నిలబడి ఒచ్చిన గనక జర నెత్తి బరువుండె.”

“తల బరువు.”

“ఆమె చెప్పిన మాట పట్టుకొని నా మీద ఏస్తున్నవా?”

“వెయ్యడం లేదు. ఒకటి అడుగుతాను. మీరొచ్చిన మర్నాడు పాపకి దిష్టి తీశారు.”

“తియ్యాల్నా లేదా? ఆడ అందరు ఫోన్ల దాని ఫోటో చూసిండ్రు. గంత తెల్లగుంది, గంత బొద్దుగుంది అని ఒక్కొక్కరు ఆ ఫోటోను నమిలి మింగిండ్రు. మీ ఆంధ్రోళ్ళు తియ్యరా?”

“తీస్తాం. ఎలా తీశారో చెప్పండి.”

“నీకు తెల్వదా? నువ్వు ఆడనే ఉంటివి.”

“మళ్ళీ చెప్పండి.”

“ఉప్పు, ఎండు మిరపకాయలు పిడికిట్ల పట్టుకున్న. చిన్నదాన్ని ఒళ్ళె పండుకోబెట్టుకొని తిప్పిన. తిప్పినంక పిడికిట్ల ఉమ్మాలె. దానికి ఉమ్మనీకి రాదు గద, దాని తరఫున నేనే తూ, తూ, తూ అన్న.”

“దాని మొహం దగ్గర.”

“దాని మొకం కాడ గాకుంటే నీ మొకం కాడ ఉమ్మాల్నా?”

“ఉమ్మినా బాగుండేది.”

“ఏమన్నవు?”

“ఏం లేదు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి పెనం మీద వేశారు.”

“ఏసిన. మిరపకాయలు మాడి మసైనయి గని ఘాటే రాలే. గంత దిష్టి! దిష్టి లేకుంటే ఘాటొస్తది, ఉంటే రాదు. గా ముచ్చట మా అమ్మ కాలం నుంచి ఉంది. అందుకే తెల్లారి మల్ల తీసిన. అప్పుడు గూడ రాలే. మల్ల తెల్లారి ఇంకిన్ని కాయలు పట్టుకొని తీసిన.”

“మాకు వచ్చింది.”

“ఏమొచ్చింది?”

“ఘాటు.”

“యాడొచ్చింది?”

“మూడు సార్లూ వచ్చింది. మీ అబ్బాయి దగ్గు ఆపుకోలేక బాల్కనీలోకి పరుగెత్తారు. నేను కళ్ళు తెరవలేకపోయాను, పాపని దుప్పట్లో చుట్టుకుని మెట్ల మీదికి పోయాను. పక్క పోర్షన్ సాయినాథ్ గారు తలుపు కొట్టి, అమ్మా ఏం మాడుతోంది అని అడిగారు. మీరొక్కరే ఆ పొగలో నిలబడి, చూడు పిల్లా వాసనే లేదు అన్నారు.”

“ఫ్యాన్... ఫ్యాన్ తిరుగుతుండె.”

“వంటింట్లో ఫ్యాన్ లేదు అత్తయ్యా.”

“కిటికీలకెళ్ళి పోయుంటది.”

“కిటికీ మీరే మూశారు. అప్పటికే మీ ముక్కు పనిచెయ్యడం లేదు.”

“నాకు సర్ది లేదంటున్న గద!”

“సరే.”

“సరే అనకు. గట్ల మెత్తగ సరే అనకు. కొట్లాడు.”

“కొట్లాడే ఓపిక లేదు.”

“నువ్వప్పుడే ఎందుకు చెప్పలే? ఘాటొచ్చిందని?”

“చెప్తే విన్నారా? దిష్టి తీసేటప్పుడు ఎదురు మాట్లాడొద్దన్నారు. ఆయన చెప్పబోతే నోరు మూసుకోమన్నారు.”

“ఔ. అన్న.”

“నీళ్ళు తాగండి.”

“పప్పుల ఉప్పెక్కువైందని మహేందర్ గిన్నె నూకేసిండు చూడు. నేను తిన్న. గిన్నె మొత్తం నేనే తిన్న. నాకు తెల్వలే.”

“నీళ్ళు తాగండి అత్తయ్యా.”

“నేను దాని మీదున్నది తీసేస్తున్ననుకున్న పిల్లా. తీసిన కొద్ది దానికి ఎక్కువైంది. ఎక్కువైన కొద్ది ఇంకింత దగ్గరికి పట్టుకొని తీసిన. నా కండ్లల్లకే చూస్తుండె అది. నేను తూ అంటే నవ్వింది. ఆటనుకున్నది.”

“ఊరుకోండి. పాప బాగుందన్నారు కదా.”

“మీ అమ్మను గుమ్మంల నిలబెట్టిన.”

“ఆ మాట ఇప్పుడెందుకు?”

“సైదాబాద్ నుంచి ఆటోల ఒచ్చింది. సంచిల పిల్లకు గౌనుండె. మూడంతస్తులెక్కి ఒక్కసారి దగ్గింది. సర్ది తగ్గినంక రా ఒదినా అని గౌను తీసుకొని తలుపేసిన. చేతుల పిల్లను పట్టుకొని తలుపేసిన.”

“మెట్లెక్కిన ఆయాసం అది.”

“గిప్పుడు చెప్తవు.”

“అప్పుడూ చెప్పాను. నీ అవ్వ కదా, నీకట్లే అనిపిస్తది అన్నారు.”

“మహేందర్‌కు చెప్తవా?”

“ఏది?”

“గిదే. చెప్పు. నీ నౌకరి నిలవడుతది. పోరగాండ్లు తేలే, మీ అమ్మనే మూడు దినాలు పిల్ల మొకాన ఉమ్మింది అని చెప్పు. నమ్ముతడు. వానికి గూడ ఘాటొచ్చింది గద.”

“చెప్తే మిమ్మల్ని ఏమంటారు?”

“ఏమనడు. వాడు తండ్రి తీరు, అరిచేటోడు గాదు. నేను ఎత్తుకుందామని చేతులు జాపితే పిల్లను అటు దిక్కు తిప్పుతడు. గంతే. బతికినన్ని దినాలు అటే తిప్పుతడు. చెప్పు మరి. నీకు గంత పానం గద నౌకరంటే. ఊపిరాడుతదంటివి.”

“మీరు ముట్టుకోకపోతే పగలంతా పాపని ఎవరు చూస్తారు?”

“నువ్వు చూస్తవు. తల్లివి గావా?”

“నేనొక్కదాన్నే, పాప, తలుపులు వేసి... నాకు భయమేస్తుంది.”

“దాన్ని చూసా?”

“నన్ను చూసి.”

“తెల్సు.”

“ఏం తెలుసు మీకు?”

“పిల్లకు స్నానం పోసుకుంట నువ్వు చెయ్యి ఆపి గోడ దిక్కు చూసుడు తెల్సు. ఒకనాడు అది జారింది. నేను పట్టుకున్న. నువ్వు గోడనే చూస్తున్నవు.”

“మీరు ఆయనకి చెప్పలేదు.”

“చెప్పలే. నాకు గూడ మహేందర్ పుట్టినప్పుడు బాయి దిక్కు పోబుద్ధయ్యేది. మా అత్త గుంజుకొచ్చి కొట్టేది. నేను కొట్టుడు ఎందుకని సంచి తగిలించి పంపిన.”

“నేను ఆయనకి చెప్పను అత్తయ్యా.”

“ఎందుకు చెప్పవు?”

“మిమ్మల్ని తీసేస్తే నేనొక్కదాన్నే మిగులుతాను. నేను చాలను.”

“మరి రోగం ఎవరు తెచ్చిండ్రంటవు?”

“ఆయన తేల్చేశారు కదా. కోచింగ్ పిల్లలు తెచ్చారు. అంతమంది ఉన్నారు, తలా కాస్త మోస్తారు.”

“పాపం, ఎవరి పిల్లలో.”

“వాళ్ళకి తెలీదు కదా. తెలిసినవాళ్ళ మీద పడితేనే నొప్పి.”

“గట్లయితే నువ్వు ఇంట్ల ఉండాలె. ఇగ మెట్రో లేదు, రోడ్డు లేదు. మల్ల నీకు ఊపిరాడక...”

“చూద్దాం.”

“చూద్దామంటే కాదు. మాపు మాపు నేను పిల్లను పట్టుకుంట, నువ్వు డాబా మీదికి పో. ఎందుకని అడగ.”

“వదినగారింటికి మాత్రం పాప వెళ్ళకూడదు.”

“ఆ చీమిడి ముక్కుల నడుమకు నేను తోల్తనా? వాడు తోల్తనన్నా తలుపుకు అడ్డం పండుకుంట.”

“మీకు రుచి, వాసన పూర్తిగా తెలిసేదాకా మీరు హాల్లో పడుకోవాలి.”

“దోమలు.”

“దోమలే.”

“పండుకుంట.”

“దిష్టి తియ్యకూడదు.”

“ఇగ తియ్య. ఎవడన్న ఎంత కన్ను పెట్టనీ, తియ్య.”

“పాప ఇంటికొచ్చాక మా అమ్మ వస్తుంది.”

“లోపలికి తీసుకురా. చాయ్ నేనే పెడ్త. చక్కెర నువ్వు ఎయ్యి, నాకు ఇంక తెలుస్తలేదు.”

“అదిగో, మెట్ల మీద దగ్గు. ఆయనే.”

“వాడే. చెయ్యి ఫోన్. జల్ది.”

“చేస్తున్నాను. ...హలో, సార్, నమస్తే అండీ. నేను సింధూరని... అవునండీ, పాప ఇంకా ఆసుపత్రిలోనే ఉంది... లేదు సార్, సెలవు కోసం కాదు. ఇక రాలేనండీ... మానేస్తున్నాను... అవును సార్, ఇంట్లో అందరం కలిసే అనుకున్నాం. బ్యాచ్ మధ్యలో వదిలేస్తున్నాను, ఏమీ అనుకోకండి... పిల్లలకి మీరే చెప్పండి...”

“జర గట్టిగ మాట్లాడు బిడ్డా, వాడు మలుపు కాడికొచ్చిండు. అవతల ఎవ్వరు లేరని నాకెరికే. నీ నౌకరి పోయి నెలాయె. కోచింగ్ కాడి వాచ్‌మన్ అప్పుడే చెప్పిండు, వాడు మా ఊరోడే. తెల్సే రోజు సంచి తగిలించి పంపిన. వినపడాల్సింది నాకు గాదు, మహేందర్‌కు.”